స్టేజీ దిగని మునివెంకటమ్మ

పాత జరీచీరలు కొనే మనిషి రెండు వారాలకొకసారి కన్నడ సీమలో మండికల్ పక్కనున్న ఆ ఊరికి స్కూటర్ మీద వచ్చేవాడు. చీరల్ని కాల్చి అందులోని వెండి తీసుకుంటారని అందరికీ తెలుసు. మునివెంకటమ్మ ఇంటి ముందు ప్రతిసారీ స్కూటర్ ఆపేవాడు. ఆమె ఇనుప పెట్టెలో, వేపాకుల కింద, వంగపండు రంగు పట్టుచీర ఉందని ఎవరో వాడి చెవిన వేశారు.

"ఇచ్చేది లేదు పోప్పా" అని ఆమె చాలాసార్లు తరిమింది. ఈ ఏడు మాత్రం ఆ మాట మారింది. "వచ్చేతూరి చూద్దాం" అనడం మొదలుపెట్టింది.

భర్త రామప్ప పోయి రెండేళ్లు. బోరు ఎండిపోయి అరెకరా మల్బరీ తోట అంతకు ముందే పోయింది. ఊళ్లో వాళ్ల చామంతి తోటల్లో కూలికి పోయేది. మోకాళ్లు వాచాక అదీ ఆగింది. విధవా వేతనానికి, అదే వితంతు పింఛనుకు, అర్జీ పెట్టుకుంది. "వేతనం వస్తే పెట్టె తాళం తియ్యను. రాకపోతే ఆ స్కూటరోనికి చీర ఇచ్చేస్తా" అని కూతురు మంజుశ్రీతో తేల్చి చెప్పింది.

వేతనం మంజూరైంది. ఆ సంగతి గ్రామ లెక్కాధికారి చేతన్ స్వయంగా వచ్చి చెప్పాడు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

"మంజూరైతే కాగితం యాడప్పా?"

"ఆఫీసులో భద్రంగా ఉండాదమ్మా. ఫంక్షన్ పెట్టి, పెద్దాయన చేత్తో స్టేజీ మింద ఇప్పిస్తారు. ఆయన డేట్ దొరకల్ల, అంతే. కాగితం నీ చేతికొస్తేనే వేతనం మొదలైతాది."

"కాగితానికి గూడా పెండ్లి ముహూర్తమా? నా మోకాళ్లకు ఆ డేట్ ఎవరు చెప్తారు?"

చేతన్ నవ్వేసి బండెక్కాడు. అలా మూడు నెలలు గడిచాయి.

చివరికి డేట్ దొరికింది. ముందురోజు సాయంత్రం చేతన్ ఊళ్లో వేతనాలు మంజూరైన పన్నెండు మందినీ పిలిచాడు. ఎనిమిదికి బస్సు, ఇడ్లీ పెడతారు, పేరు పిలిస్తే స్టేజీ ఎక్కాలి, నమస్కారం పెట్టాలి. అంతా చెప్పాక గొంతు కాస్త తగ్గించాడు.

"ఇంగొక మాట. ఫోటోలు తీస్తారు. మరీ మంచి బట్టలు కట్టుకోని రావద్దండి. చూస్తే పేదోళ్లని తెలియాల కదా."

కాలు పడిపోయి చేతికర్రతో నడిచే బయ్యప్ప పంచె ఎత్తి చూపించాడు. "దీనికి ఒక చిల్లు ఉండాదప్పా. చాల్నా, ఇంగోటి పొడుచుకోని రావాల్నా?"

అందరూ పగలబడి నవ్వారు. మునివెంకటమ్మ నవ్వలేదు.

ఆమె పుట్టిల్లు కైవార దగ్గర. పుట్టినప్పటి నుంచీ పట్టుపురుగుల మధ్యే పెరిగింది. మెట్టినింట్లోనూ అదే పని. మంజుశ్రీ పుట్టి నలభై రోజులు కాకముందే పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు తిండి మాని, కదలక పడుకుని, చర్మం విడవడాన్ని అక్కడివాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుకు ఎంత ఆకు వేసినా చాలదు. అవి తింటుంటే ఇంటి పెంకుల మీద వాన పడుతున్నట్టు ఉండేది. ఒకే గది. ఒక మూల తట్టల్లో పురుగులు, ఇంకో మూల ఉయ్యాల్లో బిడ్డ. దోమలచుట్ట వెలిగిస్తే ఆ పొగకు పురుగులు చచ్చిపోతాయి. వెలిగించకపోతే బిడ్డను దోమలు పీకుతాయి. ఆకు వేసే చెయ్యి ఆకు వేస్తుంటే, రెండో చేత్తో కొంగు పట్టి విసిరేది. అయినా బిడ్డ బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు. ఎవరైనా చూసి "అమ్మవారు పోసిందా?" అని అడిగితే ఆమెకు ఏడుపొచ్చేది.

ఆ పంట బాగా పండింది. రామప్ప పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్లో అమ్మి, తిరిగొస్తూ ఈ చీర తెచ్చాడు. అంతకు ముందుగానీ తర్వాతగానీ ఆమె పెంచిన పట్టు ఆమె ఒంటి మీదికి రాలేదు.

పొద్దున్నే ఆమె పెట్టె తెరిచింది.

బస్సు దగ్గర చేతన్ నోరు తెరిచాడు. "ఏందమ్మా ఇది! విధవా వేతనానికి పోతా పట్టుచీరా?"

"మొగుడు పోయినాడు కానీ చీర పోలేదు కదప్పా."

"నాకు మాటొస్తాదమ్మా. మార్చుకోని రా, బస్సు ఆపుతాను."

"ఉండేది రెండు. ఒకటి ఉతికి ఆరేసినా. ఒకటి ఇది. ఏది కట్టాల్నో నువ్వే చెప్పు" అంటూ ఆమె మెట్టెక్కేసింది. లోపల బయ్యప్ప జరిగి చోటిచ్చాడు. "రామ్మా పెండ్లికూతురా" అన్నాడు.

టౌనులోని కల్యాణమండపంలో పెద్దాయన కోసం ఒంటిగంట దాకా కూర్చున్నారు. పేర్ల పట్టీ పట్టుకుని తిరుగుతున్న మేడమ్ ఒకామె వచ్చి చూసి ఆగిపోయింది. చేతన్‌ను పక్కకు పిలిచి ఏదో అంది. తర్వాత మునివెంకటమ్మ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మీరు వెనక వరసలో కూర్చోండి. మీ కాగితం ఊరికే పంపిస్తాం."

"మూడు నెల్ల నుంచి ఊరికే వస్తాందమ్మా అది. ఇంగా దోవలోనే ఉండాది. నేనీడే కూర్చుంటా."

అప్పుడే బయట కార్లు ఆగిన చప్పుడు. మేడమ్ వాకిలి వైపు పరుగెత్తింది. మైకు పట్టుకున్నాయన చేతిలోని పట్టీలో పేరు అలాగే ఉంది. వంతు రాగానే చదివేశాడు.

ఆమె మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. పెద్దాయన కవరు చేతికిచ్చాడు. కెమెరా వైపు చూసి నవ్వాడు. స్టేజీ మీద ఆయన పక్కన నిలబడ్డ ఏడుగురూ కెమెరా వైపే చూశారు. "దిగండమ్మా, నెక్స్ట్" అన్నారెవరో.

ఆమె దిగలేదు. కవరు విప్పింది. లోపల ఏమీ లేదు. తలకిందులు చేసి దులిపింది.

"ఇందులో కాగితం లేదే!"

మైకు దగ్గరే ఉంది. ఆ మాట మండపమంతా వినిపించింది. అంతకు ముందే కవరు అందుకుని దిగిన బయ్యప్ప కింద తనది చింపాడు. "నాదీ అంతే! గాలి పెట్టి ఇచ్చినారు!" వరసల్లో కవర్లన్నీ విప్పుతున్న చప్పుడు.

"ఇది ఫోటోకమ్మా" అని మేడమ్ దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "అసలు ఆర్డర్లు ఆఫీసులో ఉన్నాయి. స్టేజీ మీద పేర్లు వెతుకుతూ ఉంటే ఆలస్యమవుతుందని."

"అయితే తెప్పించండమ్మా. అంతదాకా ఈడే ఉంటా." ఆమె కుచ్చిళ్లు సర్దుకుని స్టేజీ తివాచీ మీద కూర్చుంది. కూర్చున్నాక మోకాలు గుచ్చింది. లేవాలన్నా ఇప్పుడు ఒకరు పట్టుకోవాల్సిందే. ఏమైతే కానీ అనుకుంది.

పెద్దాయన వంగి, "ఏమ్మా, ప్రభుత్వం సహాయం చేస్తా ఉంటే ఇట్ల చేస్తారా?" అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. "గూళ్లు అమ్మిన ప్రతితూరీ మార్కెట్లో మా దగ్గర రుసుము పట్టుకున్నారు సామీ. ముప్పై ఏండ్లు ఇచ్చినా. నేనెప్పుడన్నా స్టేజీ కట్టించి మీ చేత దండం పెట్టించుకున్నానా?"

కింద నుంచి ఈలలు.

పెద్దాయనకు బాగేపల్లిలో ఇంకో ఫంక్షన్ ఉంది. స్టేజీ నడిమిట్లో పట్టుచీరలో ఒక ముసలామె కూర్చుని ఉంటే, దాటుకుని పోయే ఫోటో ఎవరికీ మంచిది కాదు. ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ చేతన్ వైపు చూసింది. ఇరవై నిమిషాల్లో జీపు ఆర్డర్ల కట్టతో వచ్చింది. కట్ట విప్పి చేతన్ పేర్లు వెతికాడు.

మునివెంకటమ్మ కాగితం మీది కన్నడ అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంది. తన పేరు, రామప్ప పేరు, ఊరి పేరు. తర్వాత చెయ్యి చాపింది. చేతన్ పట్టి లేపాడు.

"ఇప్పుడు తియ్యప్పా ఫోటో" అంది కెమెరా అతనితో.

అతను తీశాడు. ఆ ఫోటో ఏ పేపర్లోనూ రాలేదు. ఆ పన్నెండు మందీ మాత్రం తిరుగు బస్సులో కాగితాలు చేతుల్లో పట్టుకునే కూర్చున్నారు.

తర్వాతి వారం స్కూటర్ వచ్చింది. మొదటి నెల వేతనం ఇంకా పడలేదు. మోకాళ్ల వాపూ తగ్గలేదు. చీర మాత్రం వీధి వైపు దండెం మీద గాలికి ఊగుతోంది.

"అమ్మా, పాత జరీచీర..." అని ఆశగా స్కూటర్ ఆపాడు వాడు.

"పాతది యాడుండాదప్పా ఈ ఇంట్లో?" అంది మునివెంకటమ్మ గడప మీద కూర్చునే. "ఇది మొన్ననే కట్టినాను."