లాక్టేట్ ఫలితం వచ్చేదాకా

నిన్న మధ్యాహ్నం మా కోడలు డ్యూటీ నుంచి వచ్చి అన్నం కలుపుకుంటూ, "అత్తా, ఈ పొద్దు లాక్టేట్ చూసి ఒక పెద్దాయన్ని ఐసీయూకి పంపించినాము, చూసేదానికి బాగానే ఉండాడు" అని మామూలుగా చెప్పింది. తిరుపతిలో నేను రిటైరయ్యేదాకా నర్సుగా చేసిన ఎమర్జెన్సీ వార్డులోనే ఇప్పుడు ఆ పిల్ల కూడా చేస్తోంది. ఆ మాటకు నాకు నగరి నేతగాడు గుర్తొచ్చాడు.

మూత్రాన్ని నీలం మందులో కాచి రంగు చూసి చక్కెర చెప్పిన కాలం నుంచి, వేలు గుచ్చి చూసే మిషను దాకా వచ్చినవాళ్ళం మేము. ఒంటికి ప్రాణవాయువు సరిగా అందనప్పుడు నెత్తురులో పెరిగే ఈ లాక్టేట్‌ను చూడడం, ఆ నేతగాడు వచ్చిన రోజుల్లో అప్పుడప్పుడే మొదలైంది. తీసిన నెత్తురును ఐసులో పెట్టి వెనక బిల్డింగులోని ల్యాబుకు పంపి, ఫలితం కోసం ఎదురుచూడాల్సి వచ్చేది.

ఆ నేతగాడు కడుపునొప్పని భార్యతో బస్సులో వచ్చాడు. బీపీ బాగానే ఉంది. "మాత్రిస్తే పోతానమ్మా, మగ్గం మీద పని నిలిచిపోయి ఉండాది" అంటూ నవ్వుతున్నాడు. చక్కెర మాత్రం బాగా ఎక్కువుంది. ఆయనకు సుగరు జబ్బే లేదని భార్య చెప్పింది. నాకెందుకో మనసొప్పక, పోయి మా పెద్ద డాక్టరమ్మతో చెప్పాను. ఆమె వచ్చి పొట్ట నొక్కి చూసి, "జబ్బు లేనోడికి చక్కెర ఇంత పెరిగిందంటే లోపల ఒళ్ళు దేంతోనో పోరాడతా ఉండాది. లాక్టేట్ కూడా చూద్దాము, అందాకా పంపించబాకండి" అంది.

ఆయనేమో చెప్పులేసుకుని లేచాడు. నేను మంచం పక్కనే కూర్చుని మగ్గం గురించి, పిల్లల గురించి అడుగుతూ మాటల్లో పెట్టాను. ఇంతలో ఫలితం వచ్చింది. లాక్టేట్ ఉండాల్సినదానికి ఎంతో పైన ఉంది. వెంటనే సెలైను, మందులు మొదలుపెట్టి సర్జన్‌ను పిలిచారు. పేగుకు చిల్లు పడిందని తేలింది. ఆపరేషనుకు తీసుకుపోయేసరికి బీపీ పడిపోనే పడిపోయింది, కానీ అప్పటికే మేము సిద్ధంగా ఉన్నాము. మనిషి దక్కాడు.

కుట్లు మానాక ఇద్దరూ వచ్చారు. "ఆ పొద్దు నువ్వు మాటల్లో పెట్టకుంటే ఈయన బస్సెక్కేసి ఉండేవాడక్కా" అని భార్య నా చేతులు పట్టుకుంది. డాక్టరమ్మ కొత్త డాక్టర్లందరి ముందు నన్ను చూపించి, అక్క అనుమానపడబట్టే మనం మేలుకున్నాం అని చెప్పింది. ఆ గర్వం నాకిప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఇప్పుడు మంచం పక్కనే మిషను, చిటికెలో ఫలితం. ఎన్నో ప్రాణాలు నిలుస్తున్నాయి, అంతకంటే ఏం కావాలి? అయినా మా కోడల్ని, నిన్నటి పెద్దాయనది ఏ ఊరని అడిగితే, అడిగేదానికి టైమే దొరకలేదత్తా అంది.