మా మావ మాట్లాడిన మ్యాట్నీ

విజయనగరం, నెల్లిమర్ల వీధుల్లో సినిమాల గురించి నేను అరిచినంతగా ఎవరూ అరిచి ఉండరు. చూసినవి మాత్రం తక్కువ. ఆటో మీద మైకు గొట్టం కట్టి, రెండు పక్కలా పోస్టర్లు అంటించి, నా గొంతే రికార్డు చేసి పెట్టుకుని తిరగడం నా పని. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి జనం ముందు మాట్లాడే ఉద్యోగం దొరికింది. చదివి పాసైనవాళ్లు కిటికీలు మూసుకుని నా అరుపులు వింటున్నారు.

ఇదివరకు పని సుళువుగా ఉండేది. కొట్టుకుంటే ఫైటింగు సినిమా, ఏడిస్తే ఫ్యామిలీ సినిమా, దయ్యం ఉంటే దయ్యం సినిమా. పోస్టరు చూస్తే తెలిసిపోయేది. ఇప్పుడు ఒక్క శుక్రవారమే నాలుగు దిగుతున్నాయి, ఏది ఏమిటో తెలియదు. పోయిన వేసవిలో థియేటరు మేనేజరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఒకటి నాన్నా కూతుళ్ల కథ. ఒకటి హారర్ కామెడీ. ఒకటి ప్రేమకథ, అందులో కూడా నరుక్కోవడమే. నాలుగోది సైకలాజికల్ థ్రిల్లరు.

"థ్రిల్లరంటే ఏటండీ?" అని అడిగాను.

"సివరిదాకా అర్థం కాదన్నమాట."

"సివర్న అర్థమవుతాదా?"

"నువ్వు మైకులో సెప్పు, జనం టికెట్టు కొనుక్కుని తెలుసుకుంటారు. నువ్వే అర్థం సేసేసుకుంటే ఇంకా మేమెందుకు?"

సరే అని నాలుగింటికీ ఒకటే మాట రికార్డు చేశాను: "ఇంటిల్లిపాదీ చూసి ఆనందించండి!" దయ్యానికీ అదే, నరుకుడుకీ అదే.

ఆ నాలుగు సినిమాల్లో ఏదో ఒకటి నా కాపురాన్ని నిలబెట్టాలి. సంగతి ఏమిటంటే, నా భార్య పురిటికని పుట్టింటికి వెళ్లి అప్పటికింకా రాలేదు. పుట్టింటివాళ్లది భోగాపురం వైపు సముద్రం ఒడ్డున ఊరు. మాదీ ఆ ఒడ్డు జాతే గానీ, మా నాన్న చిన్నప్పుడే జూట్ మిల్లు పనికని నెల్లిమర్ల వచ్చేశాడు. వలని దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకున్నది లేదు. మా మావకి మాత్రం ఇంజను బోటు ఉంది. ఐదుగురు మనుషులతో వేటకి వెళ్తాడు.

పాప పుట్టిన నెలకి నేను ఆటో వేసుకుని చూడబోయాను. తెల్లారింది. మావా వాళ్లూ బోటుని నీళ్లలోకి తోస్తున్నారు. నాకు నోరు దురద. మైకు తీసి ఒడ్డంతా వినబడేలా, "ఎక్కడికి మావా? బేగొచ్చియ్, సినిమాకెళ్దాం!" అన్నాను.

వేటకి బయల్దేరేవాణ్ణి ఎక్కడికని ఎవరూ అడగరు. పసిపిల్లలు కూడా అడగరు. నాకూ తెలుసు. తెలిసే, నవ్వుతారు కదా అని అన్నాను. ఎవరూ నవ్వలేదు. తోస్తున్నవాళ్లు తోస్తున్నట్టే ఆగిపోయారు. ఒకాయన ఇసుకలో ఉమ్మేసి నా ఆటోని పై నుంచి కిందికి చూశాడు. మావ బోటెక్కేశాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో వచ్చాడు, వల రాయికి తగిలి చిరిగిపోయింది.

ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. మానేశాడంటే పూర్తిగా కాదు, మా అత్త ద్వారా మాట్లాడతాడు. నేను ఎదురుగా మంచం మీద కూర్చుని ఉండగానే, "ఒలే, ఆడు అన్నం తింటాడేటో అడుగు" అంటాడు. అత్త నా వైపు తిరిగి, "తింటావేటయ్యా?" అంటుంది. "తింటాను మావా" అంటే వినిపించుకోడు. అత్త మళ్లీ అటు తిరిగి, "తింటాడంట" అని చెప్పాలి.

మూడో నెలలో పిల్లని పంపలేదు. ఐదో నెలలోనూ పంపలేదు. "ఆడి నోరు సల్లబడ్డాక సూద్దాం" అన్నాడట. సరి నెలల్లో బాలింతని అత్తారింటికి పంపరు. అంటే ఇక ఏడో నెలే. అప్పటికీ పంపకపోతే? నా కూతురు నన్ను ఫోనులోనే చూసి, నాన్నంటే అరచేతిలో పట్టేంత మనిషి అనుకుంటుందేమోనని బెంగ.

అంతలో వేట నిషేధం వచ్చింది. రెండు నెలలు బోట్లు ఒడ్డునే. నా భార్య ఫోను చేసింది.

"మా అయ్య వల బాగుసేసుకోడం అయిపోనాది. ఇప్పుడు పనిలేక గోడల్ని తిడతన్నాడు. సినిమాకి తీస్కెల్లు. ఏడిపించే సినిమా అయితే మెత్తబడతాడు."

"నాతో వస్తాడా?"

"నీతో రాడు. మా అమ్మతో వస్తాడు. మా అమ్మ ఏసీ కోసం వస్తాది. నువ్వెనకాల పో."

అలా ఒక సోమవారం మ్యాట్నీకి ముగ్గురం విజయనగరంలో తేలాం. నాన్నా కూతుళ్ల సినిమాకి టికెట్లు కొన్నాను. కూతుర్ని అత్తారింటికి పంపే సీను ఉందట, దాని మీదే నా ఆశంతా.

గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన మా మొహాలు చూసి, "మీరు ముగ్గురే వొచ్చారు బాబూ. ముగ్గురికి బొమ్మెయ్యరు. పక్క స్క్రీన్లోకి పొండి" అన్నాడు.

"పక్కన ఏటుంది?"

"ఏదైతే ఏటి? నువ్వే కదా ఇంటిల్లిపాదీ సూడమని అరుస్తన్నావు!"

పక్కనున్నది థ్రిల్లరు.

మొదట మావ, మధ్యలో అత్త, ఇటు చివర నేను. సినిమా మొదలవడమే చెరువులో శవం. వెల్లకిలా తేలుతోంది. తర్వాతి సీనులో అదే మనిషి పెళ్లికొడుకై నవ్వుతున్నాడు. ఆ తర్వాత అదే మొహం గడ్డంతో బస్సు దిగింది. ఇది ముందు జరిగిందా, తర్వాత జరిగిందా, వీడు వాడేనా, వాడి అన్నా? మూడు రోజులుగా నేను ఊరూరా అరుస్తున్న సినిమా ఇదే, ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటిల్లిపాదినీ రమ్మన్నవాణ్ణి, అక్కడ కూర్చున్నవాళ్లంతా లేచి నన్ను అడుగుతారేమో అని కిందికి జారి కూర్చున్నాను.

"ఒలే," అన్నాడు మావ, "ఆడు సచ్చిపోనాడు కదేటి? మళ్లీ ఎలాగొచ్చాడో ఆడినడుగు."

అత్త పలకలేదు. ఏసీకి ఎప్పుడో కొంగు కప్పుకుని నిద్రపోయింది.

"ఒలే!" అని మోచేత్తో పొడిచాడు. ఆమె తల అటు నుంచి ఇటు వాలింది తప్ప కళ్లు తెరవలేదు.

తెర మీద గడ్డం మనిషి పెళ్లికొడుకు ఫోటోకి దండ వేస్తున్నాడు. మావ ఉండబట్టలేకపోయాడు. అత్త మీదుగా నా వైపు వంగాడు.

"ఒరే, ఏట్రా ఇది? ఎవుడు సచ్చాడు?"

ఐదు నెలల తర్వాత మా మావ నన్ను అడిగిన మొదటి మాట. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఆ నిమిషంలో ఏమీ తోచలేదు.

"నాకూ తెలీదు మావా," అన్నాను.

మావ ఇంకాస్త దగ్గరికి వంగాడు. "నిజంగా తెలీదేటి?"

"నిజంగానే. ఒట్టు."

"మరి మైకులో అంతలా అరుస్తావు?"

"అదే నా పని మావా."

మళ్లీ తెర వైపు తిరిగాడు. చివరికి ఎవరు చచ్చారో చెప్పకుండానే సినిమా అయిపోయి పేర్లు పడ్డాయి. జనం లేచి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మేం అత్తని లేపి బయటికి నడిపించాం.

బస్సు కాంప్లెక్సు దాకా ఒకటే గొడవ. "మునిగినోడు తేలితే బోర్లా తేలతాడ్రా," అన్నాడు మావ. "నా కల్లతో ఎందర్ని సూసాను! ఆడు ఎల్లకిలా తేలినాడు. అంటే సావలేదు, యాక్షన్ సేసినాడు."

"దండేసినారు కదా మావా ఫోటోకి!"

"దండేస్తే సచ్చిపోయినట్టేనా? నీ పెళ్లికీ ఏసినాం."

అత్త మా ఇద్దరి మధ్యా నడుస్తూ, ఎవరో చచ్చిపోయారని గుండె పట్టుకుంది. "ఎవులు? మనోళ్లేనా?" అని దారంతా అడుగుతూనే ఉంది. ఆమెకి చెప్పేందుకు మాకే తెలిసి చావలేదు.

బస్సు ఎక్కాక మావ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఈ సినిమా ఎన్నాల్లుంటాది?"

"గురువారం దాకా. శుక్రవారం కొత్తవి దిగుతాయి."

తల లోపలికి తీసుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది. కూతుర్ని పంపే మాట ఆయన ఎత్తలేదు, అడిగే ధైర్యం నాకు చాలలేదు. ఏడిపించే సినిమా చూపించలేకపోయానని ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

గురువారం పొద్దున్న మా ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు మావ దిగాడు, చేతుల్లో తువ్వాల్లో చుట్టిన నా కూతురు. వెనక నా భార్య. ఆ వెనక అత్త, దిగుతూనే సణుగుడు: "ఆరో నెల్లో పంపుతారేటి ఎక్కడైనా? పంతుల్నైనా అడగలేదు."

"పురిటి నెల కలుపుకుంటే ఏడే," అన్నాడు మావ, "నోర్ముయ్యే."

పాపని నా చేతుల్లో పెట్టాడు. "పట్టుకో. మ్యాట్నీ ఎన్నింటికి?"

"రెండుంబావుకి మావా."

"ఎల్దాం. ఈసారి శవాన్ని సరిగ్గా సూడాల."

పాప బరువుకి నా చేతులు ఎటు తిరగాలో తెలియక అలాగే గుమ్మంలో నిలబడిపోయాను. మావ అప్పుడే నా ఆటో దగ్గరికి వెళ్లి, పోస్టరు మీద ఉన్న గడ్డం మొహాన్ని దగ్గరగా చూస్తున్నాడు. నా భార్యని పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగాను: "మీ అయ్య నన్ను క్షమించినట్టేనా? లేక సినిమా కోసం వచ్చాడా?"

"నాకేటి తెలుసు? పొద్దున్న లేసి మూట కట్టమన్నాడు, కట్టినాను."

"అడగనా?"

"ఒగ్గేయ్," అంది లోపలికి నడుస్తూ. "అడిగితే గుర్తొస్తాది."