మా అన్నకు వేరే గట్టు పాట పెట్టారు

మా చిన్నప్పుడు... ములకలపల్లి అవతల మా గూడెంలో డోలు మోగిందంటే ఇప్పపూలు ఏరడం వదిలేసి పరిగెత్తేవాళ్ళం. డోలీ తాత వచ్చాడని!

ఆయన మా కోయ గట్టులకు పాట పాడే మనిషి. గట్టు అంటే ఒకే పెద్దకు పుట్టినవాళ్ళం... మాది ఐదో గట్టు. పందిరి గుంజకు పడిగె వేలాడదీసేవాడు. పడిగె అంటే మా పెద్దల బొమ్మలు కుట్టిన మూడు మూలల గుడ్డ. ఒక్కో బొమ్మ మీద కర్ర ఆనించి కోయ మాటలో పాడేవాడు. ఎవరు ఏ గుట్ట దిగారు, ఎవరు శబరి దాటి ఒడిశా వైపు పోయారు, ఎవరు బస్తర్‌లో ఉండిపోయారు... అంతా ఆ పాటలోనే.

మా అన్న కునికిపాట్లు పడితే డోలు ఆపేవాడు.

"ఏందిరో, గిప్పుడే పండుకుంటే ఎట్ల? సచ్చినంక మన పెద్దలు ఎవ్వని కొడుకువురా అంటరు. ఏం జెప్తవ్?"

"నువ్వొచ్చి చెప్పు తాతా. నీకు ఇప్పసారా పోస్తం గద!" అనేవాడు అన్న. అందరూ ఒకటే నవ్వు...

తాత మాట ఉత్తది కాదు. మాలో మనిషి పోతే, వాళ్ళ గట్టు పాట పాడి, పెద్దల దగ్గరికి దారి చెప్పి పంపాలి.

మొన్న ఎండల్లో అన్న పోయాడు. డోలీ తాత ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు కొత్తగూడెంలో ఆటో నడుపుతాడు, పాట రాదు. అన్న కొడుకే ఫోన్లో వెతికి కోయ పాట ఒకటి పెట్టాడు. డోలు చప్పుడు వినగానే అందరూ తలలు వంచి నిలబడ్డారు.

నేను ఆ కోయ మాటలు విన్నాను. అది మూడో గట్టు పాట!

"ఆపురా, ఇది మనది కాదు" అన్నాను.

"ఊకో అత్తా... కోయ పాటనే గద. మనది యాడ దొరుకుతది?"

వాడినేం అనను... ఆ మాటలు వాడికి తెలిస్తే కదా. నేనే గొంతెత్తాను. మా పాట శబరి దాకా వచ్చింది. ఆ తర్వాత... రాలేదు. మళ్ళీ ఫోన్లో పాటే మోగింది.

అప్పటి నుంచి ముద్ద దిగదు. ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడో మా అన్న... ఎవ్వని కొడుకువురా అంటే ఏం చెప్తున్నాడో...

ఒడిశా వైపు, బస్తర్ వైపు ఐదో గట్టు వాళ్ళు ఇది చదివితే మీ ముసలివాళ్ళను అడగండి... పాటలో శబరి దాటాక ఏముందో. తెలిసినవాళ్ళు ఉంటారని నాకు నమ్మకం లేదు. మా వైపు అడగడానికైతే ఇక నేనే ముసలిదాన్ని.