ఏడు బండ్లు, బండికి తొమ్మిది మూటలు

నేను కుదురుగా కూర్చున్న రోజును మా అమ్మ చూడనే లేదు. కూర్చుంటే కాళ్లూపుతాను, నిలబడితే అటూ ఇటూ తిరుగుతాను. అన్నం ముందు కూడా కాలుగాలిన పిల్లిలా ఉంటావని ఆమె తిట్టేది. కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే, నంద్యాలలో పంతుళ్ల ట్రైనింగులో చేరాను. అక్కడ ఈ గుణమే నాకు కలిసొచ్చింది. పాఠం పరుగెత్తిస్తానని, తరగతిని ఒక్క క్షణం కూడా మూగగా ఉండనివ్వనని మా మేష్టర్లు మెచ్చుకునేవారు. ప్రశ్న వేయడం, చిటిక వేయడం, చెప్పకపోతే పక్కవాణ్ణి చూపడం, ఇదీ నా పద్ధతి. నా అంత పంతులు జిల్లాలో లేడనుకునేవాణ్ణి, అబద్ధమెందుకు.

ఒక్క తకిలీ దగ్గరే నా ఆటలు సాగేవి కావు. ఆ రోజుల్లో పంతుళ్లకూ పిల్లలకూ నూలు వడకడం తప్పనిసరి. తకిలీ అనే ఆ చేతి కదురును తిప్పి వదిలి, దూదిలోంచి పోగు దానంతటది దిగేదాకా చెయ్యి ఓపిక పట్టాలి. నేను లాగేవాణ్ణి. పోగు తెగేది. అతికించి మళ్లీ లాగితే మళ్లీ తెగేది. గంటలో అందరూ ఒక చుట్ట చుడితే, నా ఒళ్లో జానెడు జానెడు ముక్కలు మిగిలేవి. ఇది పంతులు పనేనా అని విసుక్కునేవాణ్ణి.

రెండో ఏడు మమ్మల్ని పాఠాలు చెప్పడానికి ఊళ్లకు పంపారు. నాకు ఆళ్లగడ్డలో ఒక చిన్న బడి, అందులో మూడో తరగతి పడింది. నాపరాళ్ల నేల, రెండు గదులు, ముందు పొడుగాటి వసారా. పాఠాలు చెప్పడంతో పాటు మాకు ఇంకో పని ఉండేది. తరగతిలో ఒక్క పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకొని రెండు నెలలు గమనించి, చూసింది రోజూ రాయాలి. ‘శిశు పరిశీలన’ రికార్డు అనేవాళ్లు దాన్ని. ఒంటి ఎదుగుదల, బుద్ధి, తోటివాళ్లతో మెలిగే తీరు, ఒక్కొక్కదానికీ ఒక శీర్షిక, చివర ముగింపు. ఆ రికార్డు లేకపోతే సర్టిఫికెట్టు లేదు.

అయితే దాన్ని ఎవరూ చదవరని మాకందరికీ తెలుసు. ముందేడు వాళ్ల రికార్డు సంపాదించడం, పేరూ ఊరూ మార్చి దించుకోవడం, అట్ట వేసి హెడ్మాస్టరు సంతకం పెట్టించుకోవడం, ఏటేటా నడిచే ఆచారమే. నాకు దొరికిన పాత రికార్డులో ఎవరో పిల్లవాడు మందమతి. అందుకని నాకూ ఒక మందమతి కావలసి వచ్చింది.

వెనక వరుసలో గోడకానుకొని ఒక రైతు కూతురు కూర్చునేది. తొమ్మిదేళ్లుంటాయి. నేను ఏమడిగినా నా ముఖం వైపు చూసేదే తప్ప నోరు విప్పేది కాదు. సరిపోయింది అనుకున్నాను. రెండు నెలల పరిశీలన రెండు మధ్యాహ్నాల్లో రాసి పారేశాను. ముగింపు కూడా పాతదే దించాను: బుద్ధి మందము, పై తరగతికి తగదు, మరల ఒకటో తరగతిలో కూర్చుండబెట్టుట మేలు. శుక్రవారం దాన్ని హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి నంద్యాల బస్సెక్కాను.

ఆ హెడ్మాస్టరు అహోబిలంలో పండితుల ఇంట పుట్టిన పెద్దాయన. చదవకుండా సంతకం పెట్టని మనిషి. చాకలి పద్దు అయినా మొదటి అక్షరం నుంచి చదువుతాడు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

సోమవారం తిరిగొచ్చి చూస్తే వెనక వరుస గోడ దగ్గర ఖాళీ. ఆ పిల్ల పక్క గదిలో, ఒకటో తరగతి పసివాళ్ల మధ్య, మోకాళ్లు ముడుచుకొని పలక పట్టుకొని ఉంది. హెడ్మాస్టరు నా రికార్డు చదివి, తండ్రిని పిలిపించి సంగతి చెప్పి, ఆమెను కింది తరగతికి దించేశాడట. ఒకటో తరగతి రెండుసార్లు చదివించేంత తీరిక తనకు లేదని, పత్తి తీత మొదలైతే పిల్లను చేనికి తీసుకుపోతానని ఆ తండ్రి చెప్పిపోయాడట. పత్తి తీతకు ఇంకా మూడు వారాలు కూడా లేవు. అయినా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పలేదు. సర్టిఫికెట్టు వస్తే గడివేములలో పని ఇప్పిస్తామని మా బంధువులు మాటిచ్చి ఉన్నారు. ఇప్పుడు కెలకడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం అన్ని తరగతులకూ కలిపి వసారాలో నూలు గంట. చోటు లేక నేను ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. నా పోగు తెగింది. ఆమె పోగు మాత్రం సన్నగా, ఒకే తీరుగా దిగుతోంది. తకిలీ మీదినుంచి చూపు తిప్పకుండానే ఆమె అంది:

“అరవై మూడు.”

“ఏందీ?”

“ఏడు బండ్లు, బండికి తొమ్మిది మూటలు. శుక్రవారం అడిగితివి గదా.”

అడిగాను, నిజమే. చిటిక వేశాను, పక్క పిల్లను చూపాను. అప్పుడే తెలుసా అని అడిగితే తెలుసంది. మరి చెప్పలేదేమంటే, సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి లెక్క చూసుకుంటుండగానే నేను ఇంకొకరి దగ్గరికి పోయానంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. వాన రాలేదు అన్నట్టు చెప్పింది. నాకు సిగ్గేసింది. రెండు నెలలు ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఆమె నోరు తెరిచేదాకా ఒక్కసారైనా ఆగలేదు. పైగా పరిశీలించానని రాశాను.

మరునాడు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, ఆ రికార్డు తప్పని చెప్పాను. ఎన్ని దినాలు చూసి రాశావని ఆయన అడిగాడు. ఒక్క దినం కూడా చూడలేదని, పాత రికార్డు చూసి దించానని ఒప్పుకున్నాను. ఆయన నా రికార్డు తెరిచి మొదటి అక్షరం నుంచి మళ్లీ చదివాడు. ఆయన చదివినంతసేపూ నా కాలు దానంతటదే ఊగింది.

“నువ్వు సిరాతో రాసినావు, నేను చదివి నమ్మినా,” అన్నాడు. “మళ్లా సిరాతోనే రాయి. ఈ తూరి చూసి రాయి.”

రెండు రికార్డులూ, నేను చేసిన పనీ కలిపి నంద్యాలకు రాస్తానన్నాడు. దానర్థం నాకు తెలుసు, సర్టిఫికెట్టు ఆగిపోతుంది. అయినా సరేనన్నాను. పన్నెండు రోజులు ఆ పిల్లను మూడో తరగతిలో కూర్చోనిస్తానని, తర్వాత తనే చూసి తేలుస్తానని ఆయన చెప్పాడు.

అదే రోజు ఆమె తండ్రి బడికొచ్చాడు. పిల్ల మొద్దని రాసింది నువ్వేనా అని అడిగాడు. తప్పు రాశానన్నాను.

“పిల్లోల్లు తప్పు రాస్తే మీరు కొడతారు గదా,” అన్నాడాయన. “నిన్నెవరు కొట్టాల అయివారూ?”

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆ పన్నెండు రోజులూ నాకు నరకమే. పాఠం ఆ తరగతి పంతులు చెబుతుంటే నేను వెనక గోడ దగ్గర కూర్చొని చూడాలి, అంతే. కాళ్లు లాగేవి. అరగంటకోసారి లేచి నీళ్లు తాగొచ్చేవాణ్ణి. గణితం గంటలో మాత్రం నేనే అడిగి, చేతులు వెనక్కి కట్టుకొని ఆగేవాణ్ణి. మిగతా పిల్లలు గుసగుసలాడేవారు, బయట ఎద్దుబండి ఒకటి వెళ్లిపోయేది, నాకు పిచ్చెక్కేది. అప్పుడు వచ్చేది జవాబు. ఒక్కటీ తప్పు కాదు. కొన్నిసార్లు జవాబుతో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చేది: బండికి తొమ్మిది ఎక్కిస్తే వాగు దాటేటప్పుడు ఎద్దులు లాగుతాయా అని. అవన్నీ వచ్చినవి వచ్చినట్టు రాసుకున్నాను, శీర్షికలు పెట్టే ఆలోచనే రాలేదు. పన్నెండో రోజు హెడ్మాస్టరు తనే వచ్చి ఆమెను అడిగాడు, ఓపిగ్గా విన్నాడు, మూడో తరగతి హాజరు పట్టీలో ఆమె పేరు మళ్లీ ఎక్కించాడు. తండ్రి కూడా సరే కానీ అన్నాడు.

నంద్యాలలో మాత్రం ఎవరూ సరే అనలేదు. దించిన రికార్డు చూసి, దస్తూరి బాగుంది, పద్ధతి ప్రకారం ఉంది, మోసం కాకుంటే మంచి మార్కులే పడేవన్నారు. నిజంగా చూసి రాసినదాని మీద ఎర్రసిరాతో ‘శీర్షికలు లేవు, అసంపూర్ణం’ అని రాశారు. ఇంకో ఆరు నెలలు వేరే ఊరి బడిలో పనిచేసి మళ్లీ రాయమన్నారు. గడివేముల పని ఇంకొకరికి పోయింది. మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఒక్కోసారి ఆ పిల్ల మీద కూడా వచ్చింది. రాసుకోవడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది ఈ మాట.

కాగితాల మీద హెడ్మాస్టరు సంతకం కావలసి ఇంకోసారి ఆళ్లగడ్డ వెళ్లాను. పని ముగించుకొని పరుగున బస్సు దగ్గరికి వచ్చాను. బడి వదిలిన వేళ. ఆ పిల్ల పుస్తకాల సంచితో రోడ్డు వారగా నడుస్తూ నన్ను చూసి ఆగింది. బస్సు ఇంజను అప్పటికే మోగుతోంది.

“అయివారూ, ఒకటి అడగాల.”

తొందరగా అడగమన్నాను. ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టే ఉన్నాను.

“నాకేం రాదని ఎందుకు రాసినావు?”

దించానని చెప్పొచ్చు. ఎవరూ చదవరనుకున్నానని చెప్పొచ్చు. అందరూ చేసేదే అని చెప్పొచ్చు. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి, ఒక్కటీ ఆమె అడిగినదానికి జవాబు కాదు. కండక్టరు రేకు మీద చేత్తో కొట్టాడు. నేను కాలు కిందికి దించాను. బస్సు కదిలిపోయింది.

ఆమె సంచి నేల మీద పెట్టి, పక్కనున్న రాయి మీద కూర్చుంది.

“నిదానంగానే చెప్పు. నేను ఈడనే ఉంటా.”

నేను నోరు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను. ఆ పిల్ల చిటిక వేయలేదు.