రెక్కల లక్ష్మి

ఆ మార్గశిర లక్ష్మివారం పొద్దున్న అంకులిలోని మా ఇంట్లో నాకు ఒక్కచోట కాలు నిలవలేదు. పాలు పొంగిపోయాయి, పోపు మాడిపోయింది. అమ్మ పూజకు కూర్చోబోతోంది. పూజలో పెట్టే నాణేనికి నేను చేసిన పాడు పని ఆవిడ వేలికి తెలిసిపోతుంది.

కొడల ఊరి దగ్గర మా పొలం దున్నుతుంటే నాన్నకు దొరికిన కంచు నాణెం అది. ఒకవైపు ఆకుల కిరీటంతో మగవాడి తల, రెండోవైపు రెక్కలున్న ఆడమనిషి, చేతిలో దండ. ఆయన నారాయణుడు, ఆవిడ లక్ష్మి అని అమ్మ తేల్చేసింది. ఒడియా ఇరుగుపొరుగుల దగ్గర నేర్చుకున్నట్టే ఏటా మాణం అనే కొలపాత్ర నిండా కొత్త వడ్లు పోసి, నారాయణుణ్ణి వడ్లలోకి బోర్లించి, అమ్మవారిని పైకి పెట్టేది. పూజ సామానంతా చింతపండుతో తోమించేది గానీ, దాన్ని మాత్రం నీళ్ళతో తడిపి పసుపు పెట్టేది, అంతే. ఆకుపచ్చ చిలుము అలాగే ఉండేది. చూపు పోయాక బొటనవేలితో రెక్కలు తడిమి దణ్ణం పెట్టుకునేది.

అంతకు రెండ్రోజుల ముందు మా వీధి చరిత్ర మేష్టారికి ఆ నాణెం సంగతి చెప్పాను. రోము వాళ్ళదేమో, ఆ రెక్కలావిడ వాళ్ళ విజయదేవత అయ్యుంటుంది, ఫోన్లో ఫొటో తీసి పంపమన్నారు. నాకసలే తొందరెక్కువ. ఫొటోలో మెరవాలని చింతపండు, ఉప్పు వేసి పీచుతో బరబరా తోమాను. నా బుద్ధి గడ్డి తింది. నాణెం తళతళలాడింది, రెక్కలు మాత్రం చిలుముతోపాటే పోయాయి. ఇన్నాళ్ళూ ఆ బొమ్మ చిలుములోనే నిలిచి ఉందట. మేష్టారు ఆ ముక్క తీరిగ్గా తర్వాత చెప్పారు.

అమ్మ నాణెం అందుకుంది. బొటనవేలు ఒకసారి తిరిగింది, మళ్ళీ తిరిగింది.

"ఏటమ్మా, రెక్కలేవీ?"

దాచలేక అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అమ్మ నాణేన్ని పిడికిట్లో పెట్టుకుంది. "పోన్లే. రెక్కలున్న లచ్చిమి గదా, ఏనాడు ఎగిరిపోద్దోనని ఇన్నేళ్ళూ బయపడ్డాను. మీ నాన్న పోయిన రోజునా దీన్నే తడిమి సూసుకున్నాను. ఇప్పుడింకెక్కడికెల్తాది?"

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నాణేన్ని వడ్ల మీద పెట్టి, హారతి వెలిగించమంది. వెలిగించాను. అది కొండెక్కేదాకా ఆవిడ నాణెం మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ నున్నటి చోట బొటనవేలు రెక్కల కోసం వెతుకుతూనే ఉంది.