మా వదినని అందరూ మెచ్చుకున్న వారం

మా వదిన గ్లెండాకి అరవై దాటాయి. థార్న్‌హేవెన్ మునిసిపాలిటీ ఈత కొలనులో ఈత నేర్పే ఉద్యోగం. ఈ సముద్రపు ఊళ్ళో ఈత వచ్చిన ప్రతివాడూ చిన్నప్పుడు ఆవిడ చేత తిట్లు తిన్నవాడే. నేను ఆవిడ ఆడపడుచుని, డెనీస్‌ని. చేపలూ బంగాళాదుంప ముక్కలూ వేయించి అమ్మే కొట్టు నాది. మా ఇద్దరికీ పడదని ఊళ్ళో అనుకుంటారు. నిజమే, పడదు. అయినా ఆవిడ బ్యాండులో డ్రమ్ములు వాయించేది నేనే.

బ్యాండు పేరు కుళ్ళు చేపలు. పడుచు వయసులో మేం పంక్ అని, పెద్దమనుషుల్ని తిట్టిపోసే గోల పాటల రికార్డొకటి చేశాం. వదిన పాడింది. కాదు అరిచింది అంటారు కొందరు, వాళ్ళ చెవులు వాళ్ళిష్టం. రేడియో వాళ్ళు దాన్ని నిషేధించారు. అప్పటి మేయరైతే టౌన్‌హాలు మెట్ల మీద సుత్తి పెట్టి మరీ పగలగొట్టాడు. పెళ్ళి ఫొటో ఎక్కడుందో వదినకి తెలీదు గానీ, ఆ సుత్తి ఫొటోని మాత్రం ముందుగదిలో ఫ్రేము కట్టించి పెట్టుకుంది. మా అన్న క్లైవ్ రోజూ దాని కిందే కూర్చుని టీ తాగుతాడు, పాపం.

నిరుడు మునిసిపల్ ఛైర్మన్ రోలండ్ పికరింగ్‌కి ఈత కొలను మీద కన్ను పడింది. నష్టాల్లో ఉంది, మూసేద్దాం, వసంతంలో కౌన్సిల్లో ఓటు పెడదాం అన్నాడు. వదినకి ఒళ్ళు మండిపోయింది. మూలపడ్డ బ్యాండుని లేపింది.

"చేతులు నొప్పులు వదినా, నా వల్ల కాదు" అన్నాను.

"నోటికి నొప్పి లేదుగా నీకు? ఆ ఊపుతోనే వాయించు" అంది.

అలా తయారైంది 'తాళమేసి చూడు' అనే ఆల్బం. ప్రతి పాటలోనూ పికరింగ్‌ని పేరు పెట్టి తిట్టింది. "ఇది విని వాడు వీధిలోకొచ్చి గుండెలు బాదుకోవాలే. ఊరంతా రెండుగా చీలి దెబ్బలాడుకోవాలి. లేకపోతే కొలను గొడవ ఎవడికీ పట్టదు" అంది. ఆవిడ ఆశంతా అదే.

రికార్డు బయటికొచ్చింది. లండన్ పత్రికలన్నీ అయిదుకి అయిదు చుక్కలిచ్చేశాయి. చలికాలంలో రగ్గు కప్పుకున్నంత హాయిగా ఉందని రాశాడొకాయన. ఆదివారం పూట వంట చేసుకుంటూ వినమంది ఇంకొకావిడ. మరో పెద్దమనిషి వదినని 'దేశానికి ముద్దుల నాయనమ్మ' అన్నాడు.

వదిన నా కొట్టుకొచ్చి కూర్చుంది. వేడివేడి చేప ముక్క పెట్టి వెనిగర్ పోసిస్తే ముట్టుకోలేదు.

"ముద్దుల నాయనమ్మట. ఛైర్మన్ తాతముత్తాతల్ని తిట్టానే నేను."

"మెచ్చుకుంటే ఏడుస్తావేంటి వదినా?"

"మెచ్చుకుని మడిచి బీరువాలో పెట్టేశారే. ఒక్కడికి కోపం రాలేదు. ఒక్కడూ కొలను మాట రాయలేదు." కళ్ళు తుడుచుకుంది. మా వదిన ఏడవడం నేను చూడలేదు అంతకుముందు. నాకు ఆ పత్రికల వాళ్ళందర్నీ మూకుట్లో వేసి వేయించాలనిపించింది.

అది చాలదన్నట్టు పికరింగ్ టీవీలో కనిపించాడు. కుళ్ళు చేపలంటే చిన్నప్పట్నుంచీ ప్రాణమట. కచేరీల్లో మొదటి వరస వాడిదేనట. టౌన్‌హాల్లో మా చేత పాడించి, వదిన మెళ్ళో ఊరి పతకం వేస్తాడట.

"వెళ్ళావంటే నీ మొహం చూడను" అన్నాను.

వదిన కాసేపు ఆలోచించి కిసుక్కున నవ్వింది. "మొదటి వరసట. వెళ్దామే. గొడుగు పట్టుకొస్తా."

నాకు వెంటనే వెలిగింది. మా రోజుల్లో పంక్ బ్యాండు నచ్చితే చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు, ఉమ్మేవాళ్ళు. ఎంత ప్రేముంటే అంత ఉమ్మి. మొదటి వరసలో నిలబడ్డ ఎవడికైనా ఈ సంగతి తెలిసి తీరాలి.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. వెనక వరసలో పత్రికల వాళ్ళు తప్ప అందరూ పాత అభిమానులే. మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళూ, మిగిలిన నాలుగు వెంట్రుకలకీ ఆకుపచ్చ రంగేసుకున్నవాళ్ళూ. పికరింగ్ కొత్త తోలు జాకెట్టేసుకొచ్చాడు. మేం రెండు పాటలు వాయించాక స్టేజి ఎక్కి వదినకి పతకం వేసి, ఆవిడ చెయ్యి పైకెత్తి పట్టుకుని, "మీ ప్రేమంతా చూపించండి" అన్నాడు మైకులో.

వదిన గొడుగు విప్పింది. అదేదో తమాషా అనుకుని వాడు కూడా నవ్వాడు.

అభిమానులు ప్రేమ చూపించారు. వయసు మీద పడ్డా గురి తప్పలేదు. చేపల రేవులో పనిచేసిన ఆల్ఫ్ అయితే అభిమానం ఆపుకోలేక కట్టుడు పళ్ళతో సహా వదిలాడు. అవి నా డ్రమ్ము మీద పడ్డాయి.

పికరింగ్ జాకెట్టు తుడుచుకుంటూ మైకు లాక్కున్నాడు. "ఛీ, పందుల్లారా. ఇదొక పాటా? ఇదొక గొంతా? మీ మురికిగుంటని ఎప్పుడో అమ్మేశాను. రేపే కాంక్రీటు పోయిస్తా."

ఉమ్మబోయినవాళ్ళు కూడా ఆగిపోయారు. మూయాలా వద్దా అన్న ఓటే ఇంకా జరగలేదు మరి.

వదిన గొడుగు కిందనుంచి తల బయటపెట్టి, "ఏమన్నారు ఛైర్మన్‌గారూ? వెనకాల పత్రికల వాళ్ళకి వినపడలేదు, ఇంకోసారి చెప్పండి" అంది ఎంతో మర్యాదగా.

ఇక చూస్కోండి. ఊరు రెండుగా చీలలేదు, మొత్తం ఒక్కటై మునిసిపాలిటీ మీద పడింది. అమ్మకం ఆగిపోయింది. విచారణ తేలేదాకా కొలనుకి తాళం వెయ్యకూడదని పైనుంచి ఉత్తర్వొచ్చింది. కడుపుమంట చల్లారక పికరింగ్, మునిసిపాలిటీ భవనాలన్నిట్లో మా ఆల్బం వినిపించకూడదని నిషేధం పెట్టాడు. ఆ కాగితం చూసి వదిన నన్ను వాటేసుకుంది. అన్నయ్య పెళ్ళి రోజున కూడా ఆ పని చెయ్యలేదావిడ.

మర్నాడు పొద్దున్న ముసలమ్మల నీటి వ్యాయామం క్లాసు. నేనూ దిగాను, మోకాళ్ళ కోసం. రోజూ పాట పెట్టుకునే చేస్తారు.

"ఇవాళ పాట లేదు. మా పాట నిషేధం, వేరే వాళ్ళది నేను పెట్టను" అంది వదిన గట్టు మీద నిలబడి.

అప్పుడు హెప్‌వర్త్‌గారు, చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ, పువ్వుల టోపీ పెట్టుకుని గుండెల లోతు నీళ్ళలో నిలబడి, సన్నటి గొంతుతో ఎత్తుకున్నారు. అదీ ఛైర్మన్ తాతముత్తాతల చరణం. ఒక్క బూతు మింగకుండా. పక్కావిడ అందుకుంది, ఆ పక్కావిడా అందుకుంది, కొలనంతా అందుకుంది.

వదిన మొహం ఎర్రబడింది. గట్టు మీంచే అరిచింది.

"వినపడట్లా. హెప్‌వర్త్‌గారి కంటే మెల్లిగా పాడినవాళ్ళని పైకి రానివ్వను."