వీధి కుళాయి తీర్మానం

పురపాలక కార్యాలయం పై అంతస్తులో, పొడవాటి బల్లకు ఒక కొసన ఉండేది గుమాస్తా కుర్చీ. ఇరవై ఆరేళ్లు అక్కడే కూర్చుని సమావేశాల్లో జరిగిందంతా పుస్తకానికి ఎక్కించాడు. సభ్యులు బల్ల గుద్ది అరుచుకుంటే "చర్చ జరిగినది" అని రాసేవాడు. ఒకరి తాతముత్తాతల్ని ఒకరు తవ్విపోసుకుంటే "సుదీర్ఘ చర్చ జరిగినది" అని రాసేవాడు. తను మాత్రం పెదవి కదిపి ఎరగడు. గుమాస్తాకి చెయ్యి తప్ప నోరు ఉండకూడదన్నది అక్కడి ఆనవాయితీ.

పెళ్లి చేసుకోలేదు. అక్కయ్యతో ఉండేవాడు. మోకాళ్లు అరిగిన ఆ మనిషి సందు చివరి వీధి కుళాయి నుంచి రోజూ రెండు బిందెలు మోసుకొచ్చేది. ఆ సందులో ఏ ఇంటికీ గొట్టం లేదు మరి.

ఒకసారి రాబోయే సమావేశానికి అంశాల జాబితా రాస్తుంటే ఏడోది చూసి అతని కలం ఆగింది. లారీలకు అడ్డంగా ఉందని ఆ కుళాయినే తీసేస్తారట. సాయంత్రం అక్కయ్యకు చెప్పాడు.

"తీసేస్తే నీళ్లెక్కడివిరా?"

"పెద్దరోడ్డు అవతల ఇంకోటుంది కదక్కా."

"బిందెలతో ఆ బస్సుల మధ్య దూకమంటావా? అంతకంటే ఆ లారీనే నా మీదుగా పోనిమ్మను, పీడా పోతుంది."

"నేనేం చెయ్యను? గుమాస్తాని."

"అందరి మాటలూ రాసి రాసి నీ మాటెలా ఉంటుందో మర్చిపోయావురా తమ్ముడూ."

మర్నాడు ఆ కుళాయి గురించి ఏమన్నా ఉందేమోనని పాత పుస్తకాల గదిలో తుమ్ముతూ మధ్యాహ్నం దాకా వెతికాడు. దొరికింది. పద్నాలుగేళ్ల కిందటి తీర్మానం, తన దస్తూరీయే: సందులో ప్రతి ఇంటికీ గొట్టం వేసేదాకా కుళాయి తీయరాదు. రాసినవాడే మర్చిపోయాడు.

సమావేశంలో అధ్యక్షుడు గబగబా లాగించేస్తున్నాడు. "ఏడోది. అభ్యంతరం లేదుగా? ఏకగ్రీవం. రాసుకోవయ్యా."

ఆ సందున్న వార్డు సభ్యుడు అగ్గిపుల్ల చెవిలో తిప్పుకుంటున్నాడు. గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"అయ్యా, దీని మీద పాత తీర్మానం ఒకటుందండీ." చదివాడు.

"అరె, ఈయనకి మాటలొచ్చా!" అని ఎవరో నవ్వారు.

"నిన్నెవడడిగాడు? రాయమన్నది రాయి" అన్నాడు అధ్యక్షుడు.

"రాస్తానండీ. ముందు పాతది రద్దు చెయ్యాలి కదండీ. రద్దు చేద్దామన్నవారు చేతులెత్తితే పేర్లు రాసుకుంటాను." కలం మూత తీశాడు.

పేర్లనేసరికి ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ సందులో నూట నలభై ఓట్లున్నాయి. వార్డు సభ్యుడు అగ్గిపుల్ల జేబులో పెట్టుకుని, "గొట్టాలు వేశాకే చూద్దాంలెండి" అన్నాడు. గుమాస్తా అదీ రాశాడు.

కుళాయి ఉండిపోయింది. కుర్చీ పోయింది. వారం తిరక్కుండా అతన్ని కింద జనన మరణాలు నమోదు చేసే కిటికీకి మార్చారు.

"అక్కడన్నా మాట్లాడనిస్తారట్రా?" అంది అక్కయ్య.

"మాట్లాడకపోతే పని జరగదక్కా. అన్నీ అడిగి రాసుకోవాలి."

"మరింకేం!"

రిటైరయ్యేదాకా ఆ కిటికీ వెనకే ఉన్నాడు. ఇంట్లో మనిషిని పోగొట్టుకుని వచ్చినవాళ్లని ముందు కూర్చోమనేవాడు. పేరు ఆ తర్వాతే అడిగేవాడు.